చేతనున్నదే పూజాద్రవ్యము





మనలో ప్రతివారి హృదయమునందును ఏదో యొక సత్కార్యము చాలకాలముగా నిద్రించుచుండును. ఒకరు తమ యింట తరతరములుగా చెప్పుకొను శివభక్తుల కథలను వ్రాసిపెట్టవలెనని తలంతురు. ఒకరు పిల్లలచేత శరణుల చరిత్రను నాటకముగా ఆడింపవలెనని కోరుకొందురు. మఠమునందలి తాటాకు గ్రంథములను చదివించి అచ్చు వేయింపవలెనని ఒక స్వామివారు సంకల్పింతురు. ఈ సంకల్పములన్నియు మంచివే. కాని “ఎప్పుడు?” అని యడిగినచో అందరి సమాధానమును ఒక్కటే: “ఇంకను సమయము కుదరలేదు.” ధనము చేకూరవలెను, తీరిక దొరకవలెను, తగిన పండితుడు లభింపవలెను, మంచి పరికరము కొనవలెను. ఇట్లు కావలసిన వస్తువుల పట్టిక పెరుగుచుండగా, కార్యము మాత్రము మూటలోని విత్తనమువలె మొలకెత్తకయే యుండిపోవుచున్నది.

ఆ మూటముడిని విప్పుటను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. ఇది చెప్పుటకు నాకు గొప్ప అర్హత యున్నదని కాదు. ఈ దోషమువలన తిరిగి రాని నష్టమును పొందినవాడను గనుక చెప్పుచున్నాను. ఆ సంగతిని కొంత తరువాత విన్నవించెదను.

కరపీఠము

ముందుగా మన నిత్యపూజనే పరికింతము. ప్రాతఃకాలమున స్నానమాచరించి, విభూతి ధరించి, లింగకాయనుండి ఇష్టలింగమును తీసి ఎడమ అరచేత నుంచుకొందుము. ఆ అరచేయియే పీఠము. దానిని చెక్కుటకు శిల్పి అక్కరలేదు, నిలుపుటకు స్థలము కొననక్కరలేదు. చేనికి పోయిన రైతు గట్టుమీద కూర్చుండి పూజ చేసికొనగలడు. ప్రయాణమున నున్నవాడు సత్రపు అరుగుమీద చేసికొనగలడు. చెంబెడు నీరు, చిటికెడు విభూతి, ఒక్క పత్రి యున్న చాలును.

12వ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడు దేహమే దేవాలయమని బోధించెను. ఈ బోధను మనము ఉపన్యాసములలో పలుమార్లు వినియున్నాము. ఐనను ఇందలి ఒక సూక్ష్మమును సాధారణముగా గమనింపము. దేహమనగా మనకు ఇప్పటికే యున్నది. రేపు సంపాదింపవలసినది కాదు, ఒకరిని యాచింపవలసినది కాదు. భగవంతుని సేవకు కావలసిన తొలి ద్రవ్యము నీ యొద్దనే యున్నదని గురువు చెప్పిన పిమ్మట, “నా యొద్ద ఏమియు లేదు, గావున ఆరంభింపలేదు” అనుటకు భక్తునకు తావెక్కడ? కాయకము అను పదమును చూడుడు. అది కాయము అను మాటనుండియే పుట్టినది. ఈ శరీరముతో, ఈ చేతులతో, ఈనాడు చేయగలిగిన పనియే కాయకము.

శరణుల పలుకులు

శరణులు రచయితలైన తీరును చూచినను ఇదే కనబడును. ఆ కాలమున కన్నడదేశమున కవి యనిపించుకొనవలెనన్నచో గద్యపద్యములు కలసిన చంపూకావ్యము వ్రాయవలెను. దానికి సంస్కృతపాండిత్యము, ఛందస్సు, అలంకారశాస్త్రము తెలియవలెను. రాజాశ్రయముండుట మేలు. ఇవన్నియు సమకూరిన తరువాతనే నోరు విప్పెదమని శరణులు కూర్చుండియున్నచో మనకు వచనవాఙ్మయమే లేకపోయెడిది.

అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. జేడర దాసిమయ్య నేతగాడు. మేదర కేతయ్య వెదురుబుట్టలు అల్లువాడు. నులియ చందయ్య త్రాళ్లు పేనువాడు. మడివాళు మాచయ్య బట్టలుదుకువాడు. వీరు తమ పనిలో పుట్టిన మాటలనే తీసికొనిరి. పడవకు ఏరు, నేతకు మగ్గము, గృహిణికి పొయ్యి. ఆ మాటలే శివానుభవమును మోయుటకు చాలినవి. ఛందస్సు లేదని జంకలేదు. చౌడయ్య తన వృత్తితో కూడిన తన పేరునే వచనములకు ముద్రగా నుంచుకొనెను. తన పనియే తన పీఠము గదా!

తెలుగువారమైన మనకు ఈ మార్గమును చూపినవాడు పాలకురికి సోమనాథుడు. ఆయనకు పాండిత్యము కొరవడలేదు. సంస్కృత కన్నడములందును ఆయన ప్రజ్ఞావంతుడు. ఐనను బసవపురాణమును రచింపబూనినపుడు పండితులు మెచ్చు వృత్తములను ప్రక్కనుంచి, ఊరివారి నోట నాడు ద్విపదను, జానుతెనుగును చేపట్టెను. భక్తుల నోళ్లలో నున్న కథలనే ఏర్చి కూర్చెను. రెండే పాదములు గల చిన్న ఛందస్సుతో అంతటి పురాణము నిలిచినది. 1369లో భీమకవి దానిని కన్నడమునకు మార్చెను. కన్నడదేశపు గురుని కథ తెలుగులో ద్విపదయై, మరల కన్నడమునకు పోయి పురాణముగా వెలసెను. ఇంటనున్న దానితో మొదలైన పని ఎంతదూరము నడచినదో చూచితిరా!

ఒక న్యాయవాది చేసిన సేవ

శరణులు పలికిరి, సరే. ఆ పలుకులు మన తరమువరకు ఎట్లు చేరినవి? తాటాకులపై వ్రాయబడి, బట్టలలో చుట్టబడి, ఎన్నో ఇండ్లలో, మఠములలో పూజామందిరములందుండినవి. పువ్వులు పెట్టి మ్రొక్కువారే గాని విప్పి చదువువారు అరుదు. చెదలు మాత్రము భేదము లేక చదువుచుండెను.

ఆ స్థితిని చూచి తాళలేక పనికి పూనుకొనినవారు ఫకీరప్ప గురుబసప్ప హళకట్టిగారు. వారు 1880 జూలై 2న ధారవాడలో జన్మించి, బొంబాయిలో న్యాయశాస్త్రము చదివి, బిజాపురమున, అనగా నేటి విజయపురమున, న్యాయవాదిగా నుండిరి. గ్రంథపరిష్కరణము వారి వృత్తి కాదు. వారికి సహాయముగా పెద్ద సంస్థ లేదు, నిధి లేదు. ఉన్నవి రెండు: వకీలు వృత్తిలో వచ్చు సంపాదన, ఊరూర తిరుగు ఓపిక. వీనితోనే తాళపత్రములను వెదకి, అడిగి, తెచ్చి, నకళ్లు వ్రాసికొనసాగిరి.

అచ్చు వేయింపవలెనని మంగళూరునందలి ఒక ముద్రణాలయమునకు తమ వ్రాతప్రతిని పంపగా, వారు దానిని ముద్రింపక త్రిప్పి పంపిరి. ఇంకొకరైనచో “దేవుని చిత్తమిట్లున్నది” అని ప్రతిని పెట్టెలో పెట్టి తాళము వేసియుందురు. హళకట్టివారు వేరొక ఊరు చూచుకొని, బెళగావిలో అచ్చు వేయించిరి. 1923లో వచనశాస్త్రసారము ప్రథమభాగము వెలువడినది. అప్పటికి వారికి 43 ఏండ్లు. ఇతరుల ముద్రణాలయములపై నాధారపడిన పని సాగదని గ్రహించి, ఉన్న సొంత ఇంటిని అమ్మి, 1925లో బిజాపురముననే హితచింతక ముద్రణాలయమును నెలకొల్పిరి. ఆ మరుసటి ఏడు శివానుభవ మను పత్రికను ఆరంభించి, దాని ద్వారా వచనములను, శరణచరిత్రలను ప్రకటింపసాగిరి. తాము మాత్రము అద్దెయింట నివసించిరి. 1964 జూన్ 29న వారు లింగైక్యము చెందునాటికి, లోకము మరచిన ఎందరో వచనకారుల పేర్లు, వారి పలుకులు వెలుగులోనికి వచ్చియుండెను.

ఇచట ఒక మాట దాపరికము లేక చెప్పుకొందము. ఆ తొలి ముద్రణములు నిర్దోషములు కావు. తరువాతి పండితులు అనేక ప్రతులను సరిచూచి పాఠములను దిద్దిరి, చేరనివానిని చేర్చిరి, ప్రక్షిప్తములను వేరుపరచిరి. 1993లో కర్ణాటక ప్రభుత్వము వచనవాఙ్మయము నంతటిని 15 సంపుటములుగా ప్రకటించినది. ఆ పని 1923 నాటి పుస్తకముకంటె ఎంతో పరిష్కృతమైనదనుటకు సందేహము లేదు. ఐనను హళకట్టివారు, సర్వప్రతులు దొరకినపిమ్మట, సంపూర్ణపరిష్కారము సాధ్యమైనపిమ్మట అచ్చు వేసెదనని ఆగియున్నచో, ఈ 70 ఏండ్లలో దిద్దుటకు ఎన్ని ప్రతులు మిగిలియుండెడివి? తప్పున్న చోట దిద్దువారు పుట్టుదురు. చెదలు తిన్నచోట ఎవరు పుట్టి యేమి చేయగలరు?

నా అపరాధము

ఇక నా సంగతి. నేను పాఠశాలలో తెలుగు బోధించువాడను. మాది తెలుగు, కన్నడము, మరాఠీ మూడును వినబడు సరిహద్దు ప్రాంతము. మా పెద్దమ్మ యొక్క అక్షరమైనను రానిది. ఐనను బసవజయంతినాడు తొట్టెల కట్టి పాడు పాట, బిడ్డకు లింగధారణము చేయునపుడు పాడు పాట, తిరుగలివద్ద పాడు శరణుల కథలు ఆమె నోట నెన్నో యుండెడివి. సగము తెలుగు, సగము కన్నడము కలసిన ఆ పాటలు నే నెరిగినంతలో ఏ పుస్తకమునందును లేవు.

వానిని సేకరింపవలెనని నాకు ఉద్యోగమున చేరిననాడే తోచినది. అందులకై గట్టి అట్టగల పెద్ద నోటుపుస్తకమును కొంటిని. మొదటి పుటలో ముత్యములవంటి అక్షరములతో శీర్షిక వ్రాసితిని. ఆపైన మంచి టేపురికార్డరు కావలెననుకొంటిని. అది కొనగలుగునాటికి, కన్నడము చక్కగా నేర్చినగాని పాఠము సరిగా రాదని తోచినది. తరువాత వేసవి సెలవులు రానిమ్మంటిని. ఆ తరువాత ఆడపిల్ల పెండ్లి కానిమ్మంటిని.

ఒకనాడు పెద్దమ్మయే అడిగినది: “రాస్కుంట అంటివి గద బిడ్డా, ఎప్పుడు రాస్కుంటవు?”

“ఎండకాలం సెలవులల్ల తీరుబడిగ కూసొని రాస్కుంట పెద్దమ్మా” అంటిని.

ఆమె నవ్వి, “నీ సెలవుల దాక నా గొంతు ఆగుతదా బిడ్డా?” అన్నది.

2016లో ఆమెకు పక్షవాతము వచ్చి మాట పడిపోయినది. నేను మంచముప్రక్కన కూర్చుండి తొట్టెలపాట ఎత్తుకొనగా, ఆమె కన్నులు మెరసినవి, పెదవులు కదలినవి, శబ్దము రాలేదు. ఆ కార్తికమాసముననే లింగైక్యము చెందినది. శివగణారాధననాడు మా యింటి స్త్రీలు ఆమె పాటలు పాడబూనిరి. ఒకరికి మొదటి చరణము వచ్చును, ఒకరికి మూడవది వచ్చును, నడిమిది ఎవరికిని రాదు. పూర్తిగా మిగిలినవి రెండే పాటలు. ఆ రాత్రి అలమారనుండి నా నోటుపుస్తకమును తీసి చూచుకొంటిని. శీర్షిక అందముగా నున్నది. దాని క్రింద ఏమియు లేదు. ఇంకను సిగ్గుపడవలసినదేమనగా, అప్పటికి కొన్నేండ్లుగా నా జొన్నచొక్కా జేబులోనే సెల్‌ఫోను ఉన్నది. అందులో గొంతును పట్టి యుంచు సౌకర్యమును ఉన్నది.

నేనేల ఆగితినని చాలనాళ్లు యోచించితిని. పని గొప్పది గనుక తగిన సన్నాహముతో చేయవలెనని గౌరవముతో ఆగితినని మొదట ననుకొంటిని. నిజమది కాదు. నేను వ్రాసినదానిలో తప్పులున్నచో తోటి పండితులు నవ్వుదురని భయపడితిని. ఆ భయమునకు శ్రద్ధ యని పేరు పెట్టుకొంటిని. కాయకమును లింగార్పితముగా చేయవలెనని పిల్లలకు బోధించు నేను, నా కాయకమును నా పేరుప్రతిష్ఠలకు అర్పించి కూర్చుంటిని. అర్పించుటకును వట్టి కాగితమే గదా మిగిలినది!

అనంతరము చేసినది

ఆ నోటుపుస్తకముననే శీర్షిక క్రింద ఆ రెండు పాటలను వ్రాసితిని. తెలియని చరణములకు చుక్కలు పెట్టితిని. పిదప మా బడిలోని ఏడవతరగతి పిల్లలకు ఒక పని చెప్పితిని: శనివారమునకు ఒక పాట, ఇంటిలోని పెద్దల నోటినుండి. క్రొత్త పుస్తకములు కొననక్కరలేదు, పోయిన ఏటి నోటుపుస్తకములలో మిగిలిన కాగితములు చాలునంటిని. ప్రతి పాటక్రిందను నాలుగు వివరములు వ్రాయవలెను: ఎవరు పాడిరి, ఏ యూరు, ఏ తేదీ, ఏ సందర్భమున పాడుదురు. అర్థము కాని మాటను విన్నది విన్నట్లే వ్రాసి ప్రక్కన ప్రశ్నార్థకమును పెట్టవలెను. తమకు తోచినట్లు దిద్దరాదు.

పిల్లల వ్రాతలో గుణింతపు తప్పులు కోకొల్లలు. ఐనను రెండేండ్లలో మూడు పుస్తకములు నిండినవి. ఒకనాడొక బాలిక తన నాయనమ్మవద్ద విని వ్రాసి తెచ్చిన పాటలో, మా పెద్దమ్మ పాటకు నేను చుక్కలు పెట్టిన ఒక చరణము కనబడినది. “చరణము” అనుచోట “చరనము” అని వ్రాసినది ఆ పిల్ల. ఆ తప్పును దిద్దుటకు నాకు ఆనాడు చేయి రాలేదు.

తొందరపాటు వేరు, ఆరంభము వేరు

పెద్దలు కొందరు, “సిద్ధపడక దిగినచో పని చెడదా?” అని యడుగవచ్చును. తప్పక యడుగవలసిన ప్రశ్నయే. దీనికి మార్గము కలదు. చేసిన తప్పును దిద్దుకొనుటకు వీలున్న పనిని నేడే ఆరంభింపవలెను. దిద్దుకొనుటకు వీలులేని పనియైనచో, అందు హానిలేని మొదటి మెట్టునుండి మొదలిడవలెను.

తాళపత్రములనే తీసికొందము. ఎండి అతుకుకొనిన ఆకులను తెలియనివారు బలవంతముగా విడదీసినచో విరిగిపోవును. ఆ పనిని తెలిసినవారికే విడువవలెను. కాని ఏ పెట్టెలో ఎన్ని కట్టలున్నవి, ఏ కట్ట తడిసినది, దేనికి చెదలు పట్టినది అని పట్టిక వ్రాయుటకు ఏ శాస్త్రము కావలెను? తడి తగలని ఎత్తైన చోటికి మార్చుటకు ఏ నిధి కావలెను? పైకి కనబడు ఆకులకు సెల్‌ఫోనుతో చిత్రము తీసికొనుటకు ఒక యువకుడు, ఒక పగటివెలుగు చాలును. ఆ పట్టిక చేతనున్ననాడు, నిపుణుని పిలుచుటయు సులభమగును.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ మీకందరకును తెలిసినదే. కల్యాణమున నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు నిత్యముకంటె నెక్కువగా తేగా, మనకు కావలసినంతకు మించినది వద్దు, తిరిగి అచటనే పోసి రమ్మని లక్కమ్మ పంపెనని శరణచరిత్రలు చెప్పుచున్నవి. ఈ కథను మనము అత్యాశను ఖండించుటకే చెప్పుకొందుము. నేను దీనిలో ఇంకొక నీతిని చూచుచున్నాను. ఆ దంపతులు బస్తాలు నిండినపిమ్మట జంగమార్చన చేసెదమనుకొనలేదు. ఆనాటి గింజలతో ఆనాటి దాసోహము జరిపిరి. కొలత చిన్నది, నియమము తప్పలేదు. అందువలననే ఎనిమిది శతాబ్దములు దాటినను ఆ పిడికెడు బియ్యము మన నోట నిలిచియున్నది.

విన్నపము

గృహస్థులారా! మీ యింట ఎనుబది ఏండ్లు దాటిన అవ్వగాని, తాతగాని యున్నచో, ఈ పుటను చదివి ముగించినవెంటనే వారివద్ద కూర్చుండి ఒక్క పాటను, ఒక్క కథను అడుగుడు. మంచి కలము లేనిచో పెన్సిలుతో వ్రాయుడు. వ్రాయరానివారు మనుమనిచేత సెల్‌ఫోనులో పట్టింపుడు. పట్టించి ఊరకుండక, దానిపై పాడినవారి పేరు, తేదీ నమోదు చేయుడు.

మఠముల పెద్దలారా! గ్రంథాలయభవనమునకు దాతలు లభించుదాక ఆగక, ఒక చెక్కబీరువాతో ఆరంభింపుడు. ఒక కుర్రవానిచేత వారమునకొక కట్ట చొప్పున పట్టిక వ్రాయింపుడు. భవనము వచ్చినపుడు దానిలోనికి తెచ్చుటకు ఏదైన నుండవలెను గదా!

పిల్లలారా! మీకు నాటకము ఆడవలెనని యున్నచో తెర, దుస్తులు లేవని ఆగకుడు. నులియ చందయ్య కథకు ఒక త్రాడు చాలును. మేదర కేతయ్య కథకు ఒక బుట్ట చాలును.

రేపటి ఉదయము ఇష్టలింగమును అరచేత నుంచుకొన్నపుడు ఒక్క నిమిషము ఆ చేతినే చూడుడు. ఆ చేతితో పూజ సాగుచున్నది. ఆగిపోయిన మీ పనియు ఆ చేతికి అందునంత దూరముననే యున్నది.

బసవాది ప్రమథుల కృప మన అందరి కాయకములయందును ప్రసరించుగాక!